అన్నాబర్గ్ చక్కెర తోట శిథిలాలు: చెరకు రసం పారిన దారినే చూసి రావడం ఎలా

అమెరికా వర్జిన్ దీవుల్లో సెయింట్ జాన్ చాలా చిన్న దీవి. బీచ్‌ల కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. అన్నాబర్గ్ దగ్గర టాక్సీ ఆగితే పది నిమిషాలు దిగి, గాలిమర ముందు ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. రాళ్లగోడలు తప్ప అక్కడేం కనిపించలేదంటారు. నిజానికి అది ఒక ఫ్యాక్టరీ. చెరకు గడ ఎక్కడ లోపలికి వెళ్లింది, రసం ఏ వైపు పారింది, పాకం ఎక్కడ కాగింది, పీపా ఎక్కడి నుంచి ఓడకు దిగింది అన్న వరుస తెలిస్తే ఆ గోడలన్నీ అర్థమవుతాయి. ఆ పని అంతా ఎవరి చేతులతో జరిగిందో కూడా అక్కడే తెలుస్తుంది. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది.

కాస్త నేపథ్యం, వెళ్లేముందే

సెయింట్ జాన్‌లో డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్లు, స్థిరపడింది 1718లో. పదిహేనేళ్లు తిరిగేసరికి దీవిలో వందకు పైగా తోటలు లేచాయి. పనంతా ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులదే. 1733 నవంబరులో వాళ్లు తిరగబడి, దీవిలో చాలా భాగాన్ని నెలల తరబడి తమ చేతుల్లో ఉంచుకున్నారు. ఆ తిరుగుబాటును అణచడానికి ఫ్రెంచి దీవి మార్టినీక్ నుంచి సైన్యాన్ని పిలిపించాల్సి వచ్చింది. డెన్మార్క్ 1792లో చేసిన చట్టం 1803 నుంచి బానిసల వ్యాపారాన్ని ఆపింది, బానిసత్వాన్ని మాత్రం ఆపలేదు. అన్నాబర్గ్ గాలిమర కట్టింది 1810, 1830 మధ్య, అంటే ఆ చట్టం అమల్లోకి వచ్చాకే. విముక్తి 1848 జూలై 3న వచ్చింది. 1917లో డెన్మార్క్ ఈ దీవులను 2.5 కోట్ల డాలర్ల బంగారానికి అమెరికాకు అమ్మేసింది. 1956లో సెయింట్ జాన్‌లో జాతీయ పార్కు ఏర్పడింది. అన్నాబర్గ్ ఇప్పుడు ఆ పార్కులో భాగం.

ఈ నాలుగు తేదీలు, 1733, 1803, 1848, 1917, గుర్తుంటే చాలు. బోర్డుల మీద రాసినవన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి.

1. కాగితాలు, కాలం, సామాను

అమెరికాలో వీసా మీద ఉంటున్నవారు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ దీవులకు వెళ్లడం అమెరికా దాటి వెళ్లడం కింద లెక్క కాదు. కానీ తిరుగు ప్రయాణంలో పక్క దీవి సెయింట్ థామస్ విమానాశ్రయంలో కస్టమ్స్, ఇమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది. పౌరులు కానివాళ్లు పాస్‌పోర్టు, వీసా, ఐ-94, ఆమోద పత్రం (హెచ్1బీ అయితే ఐ-797), గ్రీన్ కార్డు ఉంటే అది, అసలు కాగితాలే వెంట ఉంచుకోండి. ఫోన్‌లో ఫొటో ఉంది కదా అనుకుంటే అక్కడ ఇబ్బంది పడతారు. స్టేటస్ మార్పు దరఖాస్తు నడుస్తున్నవారు టికెట్ కొనకముందే లాయర్‌ని అడగండి. ఎదురుగా కనిపించే టోర్టోలా మాత్రం బ్రిటిష్ దీవి. సరదాగా ఒక పూట అక్కడికి పడవలో వెళ్లినా అమెరికా దాటినట్టే లెక్క.

తుపానుల కాలం జూన్ నుంచి నవంబరు దాకా. 2017 సెప్టెంబరులో ఇర్మా, మరియా తుపానులు రెండు వారాల తేడాతో ఈ దీవులను చావుదెబ్బ కొట్టాయి. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం బాగుంటుంది, జనమూ ఎక్కువే. మే నెల మంచి రాజీ.

వెంట ఉండాల్సినవి:

- మనిషికి కనీసం లీటరు నీళ్లు. అన్నాబర్గ్‌లో తాగునీళ్లు దొరుకుతాయని నమ్ముకోవద్దు. దీవిలోనే ఉన్న రీఫ్ బే కొండబాట కూడా నడిచేట్టయితే మూడు లీటర్లు.
- అడుగు గట్టిగా ఉన్న బూట్లు. రబ్బరు చెప్పులు వద్దు. రాతి మెట్లు అరిగి నున్నగా ఉంటాయి, చినుకు పడితే జారతాయి.
- చిన్న టార్చిలైటు. పొయ్యి గొంతుల్లోకి, చెర గదిలోకి చూడటానికి ఇది లేకపోతే సగం చూడనట్టే.
- వెడల్పు అంచు టోపీ, దోమల మందు.
- ఖనిజ సన్‌స్క్రీన్. పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవి ఈ దీవుల్లో 2020 నుంచి నిషేధం. డబ్బా వెనక జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ మాత్రమే ఉందో లేదో చూసుకోండి.

డ్రోను తీసుకెళ్లొద్దు, జాతీయ పార్కుల్లో ఎగరేయనివ్వరు. మెటల్ డిటెక్టరు కూడా అంతే.

2. చేరుకోవడం

సెయింట్ జాన్‌లో విమానాశ్రయం లేదు. విమానం సెయింట్ థామస్‌లో దిగుతుంది. అక్కడి నుంచి టాక్సీలో ఆ దీవి తూర్పు కొసనున్న రెడ్ హుక్ రేవుకు వెళ్లాలి. ట్రాఫిక్‌ను బట్టి ముప్పావు గంట పట్టొచ్చు. రెడ్ హుక్ నుంచి సెయింట్ జాన్‌లోని క్రూజ్ బేకు ఫెర్రీ ప్రయాణం 20 నిమిషాలు. కారుతో దాటాలంటే అదే రేవు నుంచి బార్జిలు ఉన్నాయి. కారు సెయింట్ జాన్‌లోనే అద్దెకు తీసుకుంటే బార్జి వరుసలో నిలబడే బాధ తప్పుతుంది.

క్రూజ్ బేలో దిగగానే రేవుకు దగ్గర్లోనే పార్కు సందర్శకుల కేంద్రం ఉంది. అక్కడ మ్యాపు తీసుకుని రెండు ప్రశ్నలు అడగండి. ఈ వారం అన్నాబర్గ్‌లో డంబ్ బ్రెడ్ అనే ఇక్కడి రొట్టె కాల్చడం, బుట్టలల్లడం వంటి ప్రదర్శనలు ఉన్నాయా? రీఫ్ బేకు రేంజరు వెంట వచ్చే నడక ఎప్పుడుంది? ఇవి సీజన్‌ను బట్టి, మనుషుల లభ్యతను బట్టి మారిపోతుంటాయి. పాత సమాచారం చూసుకుని వెళ్తే నిరాశే.

ఇక్కడ బండి ఎడమ పక్కన నడపాలి. మనకు అలవాటే అనుకోవద్దు. కార్లు అమెరికా నుంచి వచ్చినవి, స్టీరింగు కూడా ఎడమ వైపే ఉంటుంది. కాబట్టి రోడ్డు అంచున కూర్చుని నడుపుతున్నట్టుంటుంది, ఎదురుబండికి ఎంత జాగా ఇచ్చామో తెలియదు. మలుపుల దగ్గర హారన్ కొట్టడం, నెమ్మదిగా పోవడం తప్ప వేరే ఉపాయం లేదు. రోడ్డు మధ్యలో గాడిదలు నిలబడి ఉంటాయి. ఒకప్పుడు తోటల్లో మోతకు వాడిన గాడిదల సంతతి అది. ఇప్పుడు అడవిలో స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. తిండి పెట్టొద్దు, వెనక నిలబడొద్దు.

క్రూజ్ బే నుంచి ఉత్తర తీరపు రోడ్డు, అంటే 20వ నంబరు రోడ్డు పట్టుకుంటే ట్రంక్ బే, సినమన్ బే, మాహో బే వరుసగా వస్తాయి. మాహో దాటాక దారి చీలుతుంది. అన్నాబర్గ్ బోర్డు చూసి అటు తిరగండి. తిరగకుండా కొండెక్కితే సెంటర్‌లైన్ రోడ్డులో తేలతారు. మొత్తం అరగంట ప్రయాణం. కారు వద్దనుకుంటే పక్కలు తెరిచి ఉండే సఫారీ టాక్సీలున్నాయి, కానీ తిరిగి ఎప్పుడు వచ్చి ఎక్కించుకుంటారో దిగేముందే డ్రైవరుతో ఖాయం చేసుకోవాలి.

ఒక హెచ్చరిక: ఉత్తర తీరంలో ఫోన్లు టోర్టోలా టవర్లను పట్టుకుంటాయి. ఎక్కడికీ కదలకుండానే అంతర్జాతీయ రోమింగు బిల్లు వస్తుంది. మాహో బే చేరేలోపే రోమింగు ఆపేయండి, మ్యాపును ముందే ఫోన్‌లోకి దింపుకోండి.

3. ఏ వేళకు

ఉదయం తొమ్మిది లోపు, లేదా మధ్యాహ్నం మూడు దాటాక. శిథిలాలు ఎండకు పూర్తిగా తెరిచి ఉన్నాయి, నీడ తక్కువ. మధ్యాహ్నం రాయి వేడెక్కి కింద నుంచి, పై నుంచి కాలుస్తుంది. పార్కింగు చిన్నది. ఓడ ప్రయాణికుల టాక్సీలు వచ్చేది పొద్దున మధ్యవేళే. ఇంకో కారణం వెలుతురు. ఏటవాలు ఎండలో గోడలోని పగడపు రాళ్ల గీతలు, పాత సున్నపు పూత మీది ముద్రలు తేలి కనిపిస్తాయి. నడినెత్తి ఎండలో అన్నీ ఒకే తెల్లదనం.

చాలామంది ముందు సముద్రంలో ఈదులాడి, అలసిపోయాక శిథిలాలకు వస్తారు. అది తప్పు వరుస. ముందు శిథిలాలకు గంటన్నర ఇవ్వండి, తర్వాత నీళ్లు.

4. శిథిలాల్లో అడుగడుగునా

పార్కింగు నుంచి కాస్త ఎక్కుడు దారి. పైన చుట్టూ తిరిగే బాట పావు మైలే. పరచిన బాటే అయినా ఏటవాలుగా ఉంటుంది, చక్రాల కుర్చీకి వెనక నెట్టేవాళ్లు కావాలి.

బానిసల నివాసాలు. బాట మొదట్లోనే కొండవాలున ఇవి ఉన్నాయి. చాలామంది గాలిమర కనబడగానే వీటిని చూడకుండా దాటేస్తారు. ఇక్కడ 16 ఇళ్ల ఆనవాళ్లు దొరికాయి. తడికలకు మట్టి, సున్నం మెత్తిన గోడలు, తాటిజాతి ఆకుల కప్పు. అందుకే ఏమీ మిగల్లేదు. యజమాని చక్కెరకు రాతి ఇల్లు కట్టాడు, చక్కెర చేసినవాళ్లకు తడికల గుడిసె. ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది చూస్తేనే ఆ తోట లెక్క తెలిసిపోతుంది. బోర్డు దగ్గర ఆగి, పొదల్లో నేల మట్టంగా ఉన్న చోట్లు వెతకండి. లోపలికి దిగొద్దు. క్యాచ్ అండ్ కీప్ అని ఇక్కడివాళ్లు పిలిచే ముళ్లతీగ పట్టుకుందంటే వదలదు.

పిప్పి కొట్టం. రాతి స్తంభాలు మాత్రమే నిలిచిన కట్టడం ఇది. గోడలు లేకపోవడం కూలిపోయి కాదు. పిప్పి ఆరడానికి గాలి ఆడాలి కాబట్టి తెరిచే కట్టారు. రసం పిండిన పిప్పిని ఇక్కడ ఎండబెట్టి పొయ్యికి వాడేవారు. దీవిలో చెట్లు నరికి చెరకు వేశాక వంటచెరకు కరువైంది, పిప్పే దిక్కు. పిప్పి తడిగా ఉంటే మంట తగ్గుతుంది, మంట తగ్గితే పాకం చెడుతుంది. అందుకే ఈ కొట్టానికి రాతి స్తంభాలంత ఖర్చు పెట్టారు.

గాలిమర. ఎత్తు 38 అడుగులు, అడుగున వ్యాసం 34 అడుగులు, పైన 20. పైకి పోయేకొద్దీ సన్నబడటం అందానికి కాదు, పైన తిరిగే రెక్కల ఊపును తట్టుకోవడానికి. శిఖరాన చెక్క టోపీ ఉండేది. గాలి ఏ వైపు వీస్తే రెక్కలు అటు తిరిగేలా, నేలదాకా వేలాడే పొడవాటి దూలాన్ని మనుషులు తోసేవారు. లోపల నిలువుగా మూడు రోలర్లు. ఒకరు గడలను మొదటి రెంటి మధ్య దూరిస్తే, అవతల ఉన్నవారు వాటిని మిగతా రెంటి మధ్య నుంచి వెనక్కి పంపేవారు. మంచి గాలి ఉంటే గంటకు 300 నుంచి 500 గ్యాలన్ల రసం వచ్చేది.

కోసిన చెరకు ఒకటి రెండు రోజుల్లో పిండకపోతే పులుస్తుంది. రసమైతే గంటల్లోనే. కాబట్టి గాలి ఉన్నంతసేపూ, రాత్రనక పగలనక, గానుగ ఆగేది కాదు. నిద్ర లేని చేతులు రోలర్లలో ఇరుక్కునేవి. గాలిమరను తటాలున ఆపే మార్గం లేదు. చేయి నరికి మనిషిని బతికించడానికని కరీబియన్ తోటల్లో గానుగ పక్కన గొడ్డలి ఉంచేవారు. లోపల నిలబడి రెండు గుమ్మాల మధ్య జాగా ఎంతుందో అడుగులతో కొలవండి. తప్పుకునే చోటు ఎంత తక్కువో మీకే తెలుస్తుంది.

గోడను దగ్గరగా చూడండి. మూడు రకాల పదార్థం కనిపిస్తుంది. నల్లని, గోధుమరంగు రాయి ఈ కొండదే. చిన్న పసుపు, ఎర్ర ఇటుకలు ఓడ అడుగున బరువు కోసం యూరప్ నుంచి వచ్చినవి. మూలల్లో, గుమ్మాల అంచుల్లో తెల్లగా, మెలికల గీతలతో ఉన్నవి మెదడు పగడాలు. సముద్రం నుంచి తీసిన కొత్తలో పగడం తేలికగా కోతకు లొంగుతుంది, ఎండితే గట్టిపడుతుంది. అందుకే నిలువుకోత కావాల్సిన చోటల్లా పగడమే. ఆ పగడాలను సముద్రంలోంచి తెచ్చింది కూడా బానిసలే. సున్నమూ గవ్వలు, పగడాలు కాల్చి చేసిందే.

గోడలు ఎక్కొద్దు, ఆనుకోవద్దు. పాత సున్నం పొడిపొడిగా రాలుతుంది. పిల్లలకు ముందే చెప్పండి. కిటికీ తోరణంలో తల పెట్టేముందు పైకి చూడండి, జాక్ స్పానియర్డ్ అనే కందిరీగలు అక్కడే గూళ్లు పెడతాయి.

పశువుల గానుగ. గాలిమర పక్కన గుండ్రటి ఎత్తైన అరుగు ఇది. గాలి పడిపోయిన రోజు కంచర గాడిదలు, గుర్రాలు, ఎద్దులు దీని చుట్టూ తిరిగేవి. రెండు గానుగలు ఎందుకంటే, కోత మొదలయ్యాక గాలి కోసం ఆగితే పొలంలో చెరకు పాడవుతుంది.

పాకం కాచే గది. గానుగ నుంచి రసం కాలువలో దానంతటదే కిందికి పారి ఇక్కడికి వచ్చేది. గానుగ పైన, పొయ్యి కింద, రేవు ఇంకా కింద. ఈ వాలును గమనిస్తే ఫ్యాక్టరీ మొత్తం ఒక్కసారిగా అర్థమవుతుంది. గోడ వెంట కట్టిన పొడవాటి అరుగులో గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. అవి పెనాల గూళ్లు, పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా. మంట చిన్న పెనం కింద మొదలై, వేడి గొట్టంలా పెద్దదాని వైపు సాగేది. బెల్లం వండటం చూసినవారికి పని తెలిసిందే. రసంలో సున్నం వేసి, తెట్టు తీసి, చిక్కబడేకొద్దీ గరిటెలతో పక్క పెనంలోకి తోడటం. చివరి పెనంలో పదును ఏ క్షణాన వచ్చిందో చెప్పేవాడే ఈ గదిలో ముఖ్యుడు. కొంచెం ముందు దించితే గింజ కట్టదు, కొంచెం ఆలస్యమైతే మాడుతుంది. అంత నేర్పున్న ఆ మనిషీ బానిసే.

బయటికి వచ్చి అదే గోడకు అవతలి వైపు చూడండి. నేల మట్టంలో పొయ్యి గొంతులున్నాయి. టార్చి వేసి లోపలి ఇటుకలు చూడండి. లోపల పాకం కాచేవారికి ఆవిరి, బయట పిప్పి తోసేవారికి మంట. మంట సరిపోలేదంటే లోపలివాళ్లు గోడ అవతలికి కేకేసి చెప్పాల్సిందే.

చల్లారిన ముడి చక్కెరను పెద్ద చెక్కపీపాల్లో నింపేవారు, ఒక్కోటి వెయ్యి పౌండ్లకు పైమాటే. పీపా అడుగు నుంచి కారిన మడ్డి కింది తొట్టిలోకి, అక్కడి నుంచి రమ్ము బట్టీకి వెళ్లేది. తీసేసిన తెట్టు కూడా రమ్ముకే.

చెర గది. చిన్నది, చీకటిగా ఉంటుంది. ఇక్కడ స్తంభానికి గొలుసుతో బిగించిన బేడీలు దొరికాయి. గోడ పూత మీద ఎవరో గీసిన తెరచాప ఓడల బొమ్మలు, వీధి దృశ్యాలు ఉన్నాయి, డేనిష్ కాలానివి కావచ్చని అంచనా. టార్చిని గోడకు ఎదురుగా కాకుండా పక్క నుంచి వేయండి, గీతలు అప్పుడే పైకి తేలతాయి. ముట్టుకోవద్దు. వేలి చెమటకే పూత ఊడిపోతుంది. ఫొటోకు ఫ్లాష్ వాడొద్దు.

నీటి తొట్టి, రొట్టెల పొయ్యి. దీవిలో ఏడాది పొడవునా పారే నది లేదు, కప్పు మీద పడ్డ వాననీళ్లే ఆధారం. తొట్టి అంచు మీద నిలబడొద్దు. ప్రదర్శనలున్న రోజైతే పొయ్యి దగ్గరే ఎక్కువసేపు ఆగండి. డంబ్ బ్రెడ్ వేడిగా పెడతారు, కాల్చేవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడితే బోర్డులు చెప్పనివి తెలుస్తాయి.

చివరగా అరుగు మీంచి ఉత్తరానికి చూడండి. ఎదురుగా కనిపించేవి బ్రిటిష్ దీవులు, టోర్టోలా మైలున్నర రెండు మైళ్ల దూరం. బ్రిటిష్ వారు 1834లో బానిసత్వం రద్దు చేశారు, ఇక్కడ 1848 దాకా కొనసాగింది. మధ్య ఆ పద్నాలుగేళ్లు పాకం కాచేవాళ్లకు స్వేచ్ఛ కనుచూపు మేరలో ఉంది. రాత్రిళ్లు చిన్న పడవల్లో ఆ నీళ్లు దాటినవాళ్లున్నారు.

5. పక్కనే ఇంకేం చూడాలి

పార్కింగు నుంచి తీరం వెంట లీన్‌స్టర్ బే బాట ముప్పాతిక మైలు పైచిలుకు. చివర వాటర్‌లెమన్ దీవి చుట్టూ స్నార్కెలింగు బాగుంటుంది, కానీ ప్రవాహం లాగుతుంది. ఈత గట్టిగా రానివాళ్లు ఒడ్డు దగ్గరే ఉండాలి. తీరాన మంచినీల్ చెట్టు ఉంటుంది, చిన్న పచ్చని ఆపిల్‌లాంటి కాయలు. కాయ విషం, పాలు తగిలితే బొబ్బలు. వాన వస్తే ఆ చెట్టు కింద అస్సలు నిలబడొద్దు, ఆకుల మీంచి కారే నీళ్లే ఒంటిని కాలుస్తాయి. దారిలో ముంగిసలు పరిగెడుతుంటాయి. చెరకు తోటల్లో ఎలుకల కోసం తెచ్చినవవి. ఎలుకలు తిరిగేది రాత్రి, ముంగిసలు పగలు. తోటలు పోయాయి, రెండూ మిగిలాయి.

తిరుగుదారిలో సెంటర్‌లైన్ రోడ్డెక్కి కాథరీన్‌బర్గ్ గాలిమర దగ్గర అరగంట ఆగండి. జనం ఉండరు. అడుగున రాతి కమాను గది చక్కగా నిలిచి ఉంది. 1733 తిరుగుబాటుదారులు స్థావరంగా చేసుకున్న తోట ఇదే. ముసలివాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే సినమన్ బేలో రోడ్డు పక్కనే ఉన్న శిథిలాలు తేలిక.

రీఫ్ బేకు వేరే రోజు కేటాయించండి. సెంటర్‌లైన్ రోడ్డు నుంచి రాతి మెట్ల మీదుగా 900 అడుగుల పైచిలుకు దిగుడు, పోను రెండున్నర మైళ్లకు దగ్గర. దిగడం సుఖం, ఎక్కేటప్పుడే ఎండదెబ్బ తగిలేది. రేంజరుతో వెళ్తే కింద నుంచి పడవలో క్రూజ్ బేకు తిరిగి రావచ్చు, ముందే బుక్ చేసుకోవాలి. మధ్యలో పక్కబాట తీసుకుంటే నీటిమడుగు ఒడ్డున, యూరప్‌వాళ్లు రాకముందు ఇక్కడ ఉన్న టైనో జనం రాతిలో చెక్కిన ముఖాలున్నాయి. కింద మిల్లులో ఆవిరి యంత్రం ఇంకా ఉంది, గ్లాస్గోలో తయారై 1860లలో వచ్చింది. అన్నాబర్గ్ చూశాక దీన్ని చూస్తే గాలి, పశువుల చోటును ఆవిరి ఎలా ఆక్రమించిందో తెలుస్తుంది. లోపల గబ్బిలాలు ఉంటాయి, గట్టిగా మాట్లాడొద్దు.

6. తిరుగు ప్రయాణం

విమానానికి మూడు గంటల ముందే చేరండి. ఫెర్రీ, టాక్సీ, తనిఖీ వరుస మూడూ కలిసి సమయం మింగేస్తాయి. పండ్లు, మొక్కలు బ్యాగులో ఉంటే తీయించేస్తారు.

బయల్దేరేముందు పిల్లల జేబులు ఒకసారి చూడండి. శిథిలాల చుట్టూ మట్టిలో నీలి పువ్వుల పింగాణీ పెంకులు దొరుకుతాయి. ఇక్కడివాళ్లు వాటిని చేనీ అంటారు. పార్కులో దొరికిన పెంకు, ఇటుక ముక్క, తుప్పు మేకు ఏదైనా తీసుకెళ్లడం నేరం, 1979 నాటి పురావస్తు రక్షణ చట్టం వీటికీ వర్తిస్తుంది. పెంకు పడి ఉన్న చోటును బట్టే అక్కడ ఎవరు ఉన్నారో, ఏం తిన్నారో పరిశోధకులు చెప్పగలుగుతారు. జేబులో దొరికితే సందర్శకుల కేంద్రంలో అప్పగించి, ఎక్కడ తీశారో మ్యాపు మీద చూపించండి.